మీదింటోళ్ళు, కిందింటోళ్ళు: ఒక సేద్యపు కుటుంబం వంశవృక్షం, కేస్ స్టడీ

వాయల్పాడు ప్రాంతంలోని ఒక పల్లెలో ఒకే ఇంటిపేరుతో రెండు సేద్యపు కుటుంబాలున్నాయి. ఊళ్ళో వాళ్ళని మీదింటోళ్ళు, కిందింటోళ్ళు అంటారు. రెండిళ్ళకీ ఊరి చెరువు కిందే మాగాణి. ఇంటిపేరు ఒకటే కాబట్టి పిల్లనివ్వడం, తెచ్చుకోవడం లేదు. కానీ ఒకరింట్లో చావు జరిగితే ఇంకొకరు మైల పట్టరు. దాయాదులైతే పట్టాలి. పట్టడం లేదంటే దాయాదులు కారా? కాకపోతే ఇంటిపేరు ఎలా ఒకటైంది? కిందింట్లో ఒక పెద్దావిడ పోయినప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ లేచింది. పెద్దవాళ్ళు "మొదట్నుంచీ అంతే" అన్నారు, పిల్లలకి ఆ జవాబు చాల్లేదు. పాత కాగితాలు వెతికి వంశవృక్షాలు రాయడం నా పని. బెంగళూరులో ఉద్యోగం చేసే మీదింటి అబ్బాయి ఒకతను దీన్ని తేల్చమని నా దగ్గరికి వచ్చాడు. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఇంకో రెండు మాటలు కూడా చూడమన్నాడు. ఊరి చెరువు కట్టించింది తమ పూర్వీకుడేనన్నది ఒకటి, తమ వంశం పెనుకొండ వైపు నుంచి వచ్చిందన్నది రెండోది.

రెండిళ్ళ పెద్దలూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, ఇంటిపేరు, మనుషుల పేర్లు, సర్వే నంబర్లు మాత్రం ఇవ్వను.

సేద్యం చేసే కుటుంబాల విషయంలో నేను మనిషి పేరు వెంట పోను, పొలం వెంట పోతాను. అమెరికాలోనో ఇంగ్లండులోనో పూర్వీకులని వెతికేవాళ్ళకి చర్చి రిజిస్టర్లు, ఇంటింటి జనగణన కాగితాలు ఆధారం. మన జనగణనలో ఇంటి వివరాలు రాసిన కాగితాలని లెక్క తీశాక దాచలేదు, మొత్తాలే మిగిలాయి. పల్లెల్లో జనన మరణాలు రాయడానికి మద్రాసు రాష్ట్రంలో 1899లో ఒక చట్టం వచ్చింది, ఊరి మునసబు రిజిస్టరు పెట్టాడు. కానీ పేరు పెట్టకముందే పుట్టుక రాసేవాళ్ళు కాబట్టి చాలా చోట్ల "మగబిడ్డ", "ఆడబిడ్డ" అని తప్ప పేరుండదు. శిస్తు సంగతి వేరు. ఏ చేనుకి ఎంత, అది ఎవరు కట్టాలి అన్నది సర్కారుకి తెలియాలి. అందుకని ప్రతి చేనుకీ ఒక నంబరు, దాని పక్కన ఒక పేరు రాసి పెట్టుకున్నారు. ఆ నంబర్లు పట్టుకుంటే మనుషులు దొరుకుతారు.

ముందుగా సరిహద్దుల లెక్క తేల్చుకోవాలి. ఈ ఊరు ఇప్పుడు అన్నమయ్య జిల్లాలో ఉందని ఇక్కడి ఆఫీసుల్లో వెతికితే సగం కాగితాలు దొరకవు. 2022 దాకా ఇది చిత్తూరు జిల్లా. ఆ చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు కడప జిల్లాలో ఉండేవి. కాబట్టి 1911కి ముందు రాసిన ఏ దస్తావేజులోనైనా "కడప జిల్లా వాయల్పాడు తాలూకా" అనే ఉంటుంది, ఆనాటి ప్రభుత్వ రికార్డు కూడా కడప జిల్లా పేరు కిందే సర్ది ఉంటుంది. ఈ ప్రాంతం వాళ్ళు చాలామంది వెతుకులాట మధ్యలో ఆపేసేది ఇక్కడే.

ఇంటి మాటలు

మీదింటి పెద్దాయనకి ఎనభై దాటాయి. ఆయనకి తండ్రి, అబ్బ (తాత), అబ్బ తండ్రి పేర్లు తెలుసు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు పేరు పేరునా తలుచుకుంటారు కాబట్టి ఆ మూడు పేర్లూ గట్టిగా నిలిచాయి. పైన ఎవరో తెలియదు. ఆడవాళ్ళ పేర్లు ఆయన చెప్పలేకపోయాడు, ఆయన చెల్లెలు చెప్పింది. ఏ జేజి (అవ్వ) ఏ ఊరి ఆడబిడ్డో, ఏ మేనత్తని ఏ ఊరికిచ్చారో ఆమెకి అన్నీ గుర్తే. నేను ఏ ఇంటికి వెళ్ళినా బయటికి పెళ్ళై వెళ్ళిన ఆడవాళ్ళతో తప్పకుండా మాట్లాడతాను. మగవాళ్ళకి ఊళ్ళో పొలాలు గుర్తుంటే, ఆడవాళ్ళకి ఊళ్ళ మధ్య బంధుత్వాలు గుర్తుంటాయి.

వంశాలు చెప్పే పిచ్చుకుంట్ల వాళ్ళు, ఇప్పుడు వంశరాజులు అంటున్నారు, ఒకప్పుడు ఈ ఇళ్ళకి వచ్చి గోత్రాలు చదివేవాళ్ళని పెద్దాయన చెప్పాడు. చాలా ఏళ్ళుగా వాళ్ళు రావడం లేదు. మీ ఇంటికి ఇంకా ఎవరైనా వస్తుంటే వాళ్ళు చెప్పేది పూర్తిగా రికార్డు చేసుకోండి. తరాల సంఖ్య అందులో అటూ ఇటూ అవుతుంది, కానీ ఊళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ వేరే ఎక్కడా దొరకనివి ఉంటాయి.

కిందింటివాళ్ళు మొదట మాట్లాడలేదు. పొలం తగాదా ఏమైనా తెస్తున్నానేమోనని వాళ్ళ టెన్షన్. అది న్యాయమైన భయమే. పాత కాగితాలు తీస్తున్నారంటే పల్లెల్లో ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇది కోర్టుకి వాడబోమని మీదింటి పెద్దాయనే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాక, వాళ్ళ పెట్టె కూడా తెరిచారు. ఆ పెట్టె తెరవకపోతే ఈ కేసు తేలేది కాదు.

పెట్టెలో కాగితం నుంచి సర్వే నంబరుకి

మీదింటి పెట్టెలో దొరికిన వాటిలో అన్నిటికన్నా పాతది 1926 నాటి భాగపరిష్కార దస్తావేజు. పెద్దాయన అబ్బ, ఆయన తమ్ముడు పంచుకున్న కాగితం. ఇలాంటిది మీకు దొరికితే పైనున్న పేర్లు చూసి ఆగిపోవద్దు, కింద షెడ్యూలు చదవండి. ప్రతి చేనుకీ సర్వే నంబరు, ఎకరాలు సెంట్లు, చెక్కుబంది ఉంటాయి. తూర్పుకి ఎవరి చేను, పడమరకి ఎవరి మడి, దక్షిణానికి ఏ కాలువ, ఉత్తరానికి ఏ బాట అన్నది చెక్కుబంది. ఊరి పాత జనాభా ఎక్కడైనా దొరుకుతుందంటే చెక్కుబందుల్లోనే. సొంతంగా ఒక్క కాగితమూ లేని మనిషి కూడా పక్కవాడి చెక్కుబందిలో కనిపిస్తాడు. ఈ షెడ్యూలులో చెరువు కింద మడికి తూర్పు హద్దుగా కిందింటి మనిషి పేరుంది. అంటే రెండిళ్ళ మడులూ ఆనుకుని ఉన్నాయి, మధ్యలో గట్టు తప్ప ఏమీ లేదు. ఒకే మడిని ఎప్పుడో రెండుగా కోశారా అన్న అనుమానం నాకు అక్కడే వచ్చింది.

అక్కడి నుంచి ఆర్ఎస్ఆర్ దగ్గరికి పోయాం. సర్కారు శిస్తుని మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెట్టిల్‌మెంట్ రిజిస్టరు అది. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి కొన్ని ఆఫీసుల్లో డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు, సబ్ డివిజన్, పాత నంబరు, సర్కారు భూమా ఇనామా (మాన్యంగా ఇచ్చిన భూమా), మాగాణా మెట్టా, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు వరసగా ఉంటాయి. అందరూ చూసేది పట్టాదారు పేరు. మనకి అంతే ముఖ్యమైనది పాత నంబరు గడి. దాన్ని పట్టుకుంటేనే అంతకుముందు సెటిల్‌మెంటు లెక్కల్లోకి దిగగలం. మా అనుమానం ఇక్కడ బలపడింది. రెండిళ్ళ మడులకీ పాత నంబరు ఒకటే. పైగా ఆ నంబరు ఎదురుగా దశబంధం ఇనాం అని ఉంది.

చెరువు మాట

రాయలసీమలో చెరువు చరిత్ర తెలియాలంటే దశబంధం ఇనాముల దగ్గరికే పోవాలి. సొంత ఖర్చుతో చెరువో కుంటో బావో కట్టించినవాడికి, పాడైనదాన్ని బాగుచేసినవాడికి, ఆ నీటి కింద పారే భూమిలో కొంత మాన్యంగా ఇచ్చేవాళ్ళు, లేదా ఆ ఆయకట్టు శిస్తులో కొంత వదిలేవాళ్ళు. ఫలానా చేను అని విడిగా ఇస్తే ఖండం దశబంధం, మొత్తం ఆయకట్టు రాబడిలో వాటా ఇస్తే షామిలాత్ దశబంధం. బదులుగా కట్ట, తూము, మరవ చెడిపోకుండా ఆ కుటుంబమే తరతరాలూ చూసుకోవాలి. విజయనగర కాలం శాసనాల్లో కూడా ఈ పద్ధతి కనిపిస్తుంది. ఈ సీమలో చెరువు కట్టించడం ఎంత పెద్ద పుణ్యకార్యంగా చూశారో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు మీద 1369 నాటి శాసనం చదవాలి.

మద్రాసు ప్రభుత్వం ఈ ఇనాములన్నిటినీ పరిశీలించడానికి 1858లో ఇనాం కమిషన్ వేసింది. వాళ్ళు ఊరూరా విచారించి రాసిందే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. నా అనుభవంలో తెలుగు పల్లె కుటుంబాలకి ఇంతకన్నా విలువైన రికార్డు లేదు. భూమి వివరాలతోపాటు మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, అతని వయసెంత, మొదటి ఇనాందారుకి ఏమవుతాడు అన్నవి కూడా ఇందులో రాశారు. పల్లెటూరి రైతు వయసూ, అతని తాత పేరూ ఒకే వరసలో రాసిన 1860ల నాటి సర్కారు కాగితం ఇంకెక్కడ దొరుకుతుంది! ఆంధ్ర జిల్లాల రిజిస్టర్లు పాత సర్కారు రికార్డులు దాచే రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇంగ్లీషు చేతిరాత, తెలుగు పేర్లని వినిపించినట్టు రాసిన స్పెల్లింగులు. నెమ్మదిగా, గట్టిగా పైకి చదువుకుంటూ పోతే అలవాటవుతుంది.

ఈ ఊరి దశబంధం వరసలో ఇద్దరు హక్కుదారులున్నారు, చెరి సగం. ఒకరి వయసు 35, ఇంకొకరిది 40. ఇద్దరూ మొదటి ఇనాందారుకి మనవలు. చెరువు ఆ మొదటి ఇనాందారు కట్టించాడనీ, సన్నదు (ఇనాం ఇచ్చినట్టు రాసిన పత్రం) ఇప్పుడు లేదనీ, చాలాకాలంగా అనుభవంలో ఉందనీ విచారణలో రాసుకున్నారు. చెరువు బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఇనాం ఖాయం చేశారు.

దీంతో ఇంట్లో చెప్పుకున్న మొదటి మాట నిలబడింది. 1860ల మొదట్లో మనవడికి 35 ఏళ్ళంటే తాత చురుగ్గా ఉన్న కాలం 1700ల చివరి పాతికేళ్ళలో పడుతుంది. అప్పుడు ఈ సీమ హైదరాలీ, టిప్పు సుల్తాన్ల చేతుల్లో ఉండి, 1792లో నిజాంకి వెళ్ళి, 1800లో కంపెనీకి దత్తమైంది. ఆ 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి చేనుచేనూ కొలిపించాడు. చెరువు ఆ కొలతలకి ముందుదా వెనకదా అంటే ముందుదనే నా అంచనా. అయితే ఈ వయసులని అక్షరాలా తీసుకోకూడదు. 30, 35, 40, 45 ఇలా ఐదులో పదులో చెప్పడం ఆనాటి అలవాటు. ఐదేళ్ళు అటూ ఇటూ వదిలేసే లెక్క కట్టాలి.

తాత పేరు మనవడికి

పెద్దాయనకి ఇనాం రిజిస్టరు నకలు చూపిస్తే 35 ఏళ్ళ మనిషి పేరు చూసి "ఈయన మా అబ్బే" అన్నాడు. పేరు అక్షరం పొల్లు పోకుండా అదే. కానీ అబ్బ 1926లో తమ్ముడితో పంపకం చేసుకున్నాడు. ఈ మనిషి 1826 ప్రాంతంలో పుట్టినవాడు. నూరేళ్ళ వయసులో తమ్ముడితో భాగాలు పంచుకోవడం జరిగే పని కాదు. ఇది తాత పేరు మనవడికి పెట్టుకునే మన ఆచారం. అంటే రిజిస్టరులోని మనిషి అబ్బకి తాత అయ్యుండాలి, మధ్యలో ఒక తరం ఉండాలి.

అయ్యుండాలి అన్నది ఊహ మాత్రమే, ఆధారం కాదు. వంశవృక్షాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఈ చోటే. పేరు కుదిరింది, ఊరు కుదిరింది, గీత గీసేద్దాం అనిపిస్తుంది. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ముగ్గురు రైతులుంటే పెద్ద, నడిపి, చిన్న అని ముందు తగిలించి కరణం రాసుకున్న లెక్కలు నేను చాలా చూశాను. అందుకని తండ్రి పేరు స్పష్టంగా రాసి ఉన్న కాగితం దొరికేదాకా గీత గీయకూడదన్నది నా నియమం.

ఆ కాగితం రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇండెక్సుల నుంచి దొరికింది. మన దేశంలో దస్తావేజుల రిజిస్ట్రేషను 1865 నుంచి పద్ధతిగా నడుస్తోంది. ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఆన్‌లైన్ ఈసీ ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు వెనక్కి పోవాలంటే చేత్తో రాసిన ఇండెక్సులు వెతికించుకోవాలి. ఇండెక్స్ 1 మనుషుల పేర్ల వరస, ఇండెక్స్ 2 ఆస్తుల వరస. పేరుతో వెతకవద్దు, ఇండెక్స్ 2లో ఊరు, సర్వే నంబరు పట్టుకోండి. అలా 1890ల నాటి ఒక భోగ్యం దస్తావేజు (అప్పుకి బదులుగా భూమిని అనుభవానికి ఇచ్చే కాగితం) బయటపడింది. అందులో పెద్దాయన చెప్పిన అబ్బ తండ్రి, ఫలానావారి కుమారుడు అని తన తండ్రి పేరు రాయించుకున్నాడు. ఆ పేరే ఇనాం రిజిస్టరులోని 35 ఏళ్ళ మనిషిది, సర్వే నంబరు అదే దశబంధం మడిది. ఇప్పుడు గీత గీయొచ్చు. పెద్దాయనకి తెలిసిన మూడు తరాల పైన మరో మూడు తరాలు చేరాయి: ఇనాం కాలం నాటి మనిషి, అతని తండ్రి, చెరువు కట్టించిన తాత. ఇందులో మధ్యవాడి పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. రిపోర్టులో ఆ గడి ఖాళీగానే ఉంచాను.

స్వభాను నామ సంవత్సరపు దస్తావేజు

ఇక మిగిలింది రెండో సగం. ఇనాం రిజిస్టరులో 40 ఏళ్ళ మనిషి చేతిలో ఉన్న భాగం, ఆర్ఎస్ఆర్ నాటికి కిందింటివాళ్ళ పేరు మీద ఉంది. పైపైన చూస్తే లెక్క తేలిపోయినట్టే. ఇద్దరు మనవలు, రెండిళ్ళు, ఒకే ఇంటిపేరు, కాబట్టి దాయాదులు. ఇంతటితో ఆపేసి రిపోర్టు ఇచ్చుంటే కుర్రవాళ్ళు సంతోషించేవాళ్ళు. కానీ మైల పట్టకపోవడం అన్నది నన్ను ఆపింది. చావుపుట్టుకల ఆచారాల్లో పల్లెవాళ్ళు ఊరికే తప్పరు. ఒక ఆచారం కాగితానికి అడ్డం వస్తే ముందు కాగితాన్నే ఇంకోసారి చదవాలి అంటాను నేను.

కిందింటి పెట్టెలో అడుగున, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక దస్తావేజు ఉంది. 1883, స్వభాను నామ సంవత్సరం. రాయించింది ఒక ఆడమనిషి. ఆమె భర్త పేరు ఇనాం రిజిస్టరులోని 40 ఏళ్ళ మనిషిది. భర్త ధాత కరువులో పోయాడనీ, మగసంతానం లేదనీ, ఉన్న ఒక్క కూతురికి పెళ్ళి చేసి అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకున్నాననీ, సేద్యం అంతా అతనే చూస్తున్నాడు కాబట్టి భర్త వాటా భూమి అతనికి రాసిస్తున్నాననీ అందులో సారాంశం. కింద సంతకానికి బదులుగా ఆమె పెట్టిన నిశాని, కరణం చేతిరాత.

ధాత కరువంటే 1876 నుంచి 1878 దాకా దక్కనంతా పట్టిన కరువు. 1871, 1881 జనగణనలు పక్కన పెట్టి చూస్తే కడప జిల్లా జనాభా పెరగకపోగా తగ్గిపోయింది. ఈ సీమలో ఏ కుటుంబం లెక్క తీసినా 1870ల చివర ఒక ఖాళీ కనిపిస్తుంది. ఉన్నట్టుండి పట్టాలు చేతులు మారతాయి, పేర్లు మాయమవుతాయి, ఆడవాళ్ళ పేరు మీద భూములు కనిపిస్తాయి. ఈ ఇంట్లో ఆ ఖాళీని ఒక విధవరాలు తన కూతురితో, ఇల్లటపు అల్లుడితో నింపుకుంది. నాకు ఈ కేసు మొత్తంలో అందరికన్నా ఆప్తురాలైన మనిషి ఆమే. వేరే ఏ రిజిస్టరులోనూ ఆమె లేదు. ఆ ఒక్క దస్తావేజు రాయించుకోకపోయి ఉంటే ఆమె ఉనికే మనకి తెలిసేది కాదు.

ఇల్లటం గురించి ఈ తరానికి కొంచెం చెప్పాలి. కొడుకుల్లేని ఇంట్లో కూతురికి పెళ్ళి చేసి అల్లుణ్ణి ఇంట్లోనే పెట్టుకోవడం, కొడుకుతో సమానంగా ఆస్తి ఇస్తామని మాట ఇవ్వడం. రాయలసీమ, నెల్లూరు వైపు రెడ్లలో, కమ్మవారిలో ఈ ఆచారం బలంగా ఉండేది, మద్రాసు హైకోర్టు కూడా గుర్తించింది. కానీ ఇది దత్తత కాదు. అల్లుడు పుట్టింటి హక్కు కోల్పోడు, మామగారి వంశంలోకి మారడు. పిల్లలకి తండ్రి ఇంటిపేరే రావాలి. ఆ 1883 దస్తావేజులో అల్లుడి సొంత ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు మూడూ ఉన్నాయి. ఇంటిపేరు వేరేదే.

మరి కిందింటివాళ్ళకి మీదింటి ఇంటిపేరు ఎలా వచ్చింది? 1909 నాటి ఇంకో దస్తావేజులో ఆ అల్లుడి కొడుకు పేరు అమ్మమ్మ ఇంటి ఇంటిపేరుతోనే ఉంది. ఈ పాతికేళ్ళ మధ్యలో మార్పు జరిగింది. ఎవరు మార్చారో చెప్పే కాగితం లేదు. నేను అనుకునేది ఇది: భూమి ఫలానా ఇంటివారిదని ఊరు పిలుస్తూ వచ్చింది, ఆ ఇంట్లో ఉంటున్న పిల్లవాణ్ణి కూడా ఊరు అదే పేరుతో పిలిచింది, కరణం ఊరు పిలిచినట్టే రాశాడు. రిపోర్టులో దీన్ని నా అభిప్రాయం అన్న శీర్షిక కింద పెట్టాను, రుజువైన వాటితో కలపలేదు.

కాబట్టి జవాబు ఇది. రెండిళ్ళూ రక్తసంబంధీకులే, చెరువు కట్టించిన ఒకే మనిషి సంతతి. కానీ కిందింటివాళ్ళది ఆడబిడ్డ వైపు సంతతి, దాయాదులు కారు. మైల పట్టకపోవడం సరైనదే. ఎందుకో మర్చిపోయినా, నాలుగు తరాలుగా తప్పకుండా పాటిస్తూ వచ్చారు.

ఈ తీర్పుని పడగొట్టడానికి నేనే ప్రయత్నించాను. ఆ విధవరాలు, 40 ఏళ్ళ మనిషి భార్య నిజంగా ఒకరేనా, లేక అదే పేరున్న ఇంకో మనిషి భార్యా? దీనికి మళ్ళీ చెక్కుబందే సాయపడింది. మీదింటివాళ్ళ 1890ల భోగ్యం దస్తావేజులో దశబంధం మడికి తూర్పు హద్దుగా ఆ ఇల్లటపు అల్లుడి పేరు, అతని సొంత ఇంటిపేరుతో ఉంది. ఆ కాగితం రాయించుకున్నవాళ్ళకి కిందింటి వంశంతో ఏ పనీ లేదు, తమ హద్దు చెప్పుకున్నారంతే. అలాంటి సాక్ష్యాన్ని నేను ఎక్కువగా నమ్ముతాను. 1883లో ఆమె ఇచ్చిన భూమి, 1890ల్లో అతని చేతిలో ఉన్న భూమి, 1909లో అతని కొడుకు చేతిలో ఉన్న భూమి ఒకటే నంబరు.

నీరుగంటి ఇల్లు

ఇనాం రిజిస్టరులో అదే ఊరి పేజీలు తిప్పుతుంటే నీరుగంటి మాన్యం వరస కనిపించింది. చెరువు నీటిని మడులకి పంచే నీరుగంటికి సేవకి బదులుగా ఇచ్చిన కొద్దిపాటి భూమి. ఆనాటి నీరుగంటి పేరు, వయసు రెండూ రాసి ఉన్నాయి. ఆ కుటుంబం దళితవాడలో ఇప్పటికీ ఉంది, మొన్నమొన్నటి దాకా తూము తీసిందీ వాళ్ళే. వాళ్ళకి కాగితం అంటూ ఏదీ లేదు, మాకేం చరిత్ర ఉంటుందిలే సార్ అన్నారు. చెరువు కట్టించినవాడి మనవలు ఏ పుస్తకంలో ఉన్నారో, చెరువు నీళ్ళు పంచినవాడూ అదే పుస్తకంలో ఉన్నాడు. ఆ నకలు కూడా తీయించి వాళ్ళకి ఇచ్చాను. మధ్య తరాలని వాళ్ళ జ్ఞాపకంతో కలపడం ఇంకా జరుగుతోంది.

మంగలి, చాకలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, తలారి, వెట్టి మాన్యాలున్న ఊళ్ళన్నిటికీ ఇది వర్తిస్తుంది. భూమిలేని కుటుంబాలకి రికార్డే ఉండదని అనుకుని వెతకకుండా ఉండొద్దు. మాన్యం కూడా లేని కౌలుదార్లు, జీతగాళ్ళ విషయంలో దారి ఇరుకే, అయినా చెక్కుబందులు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు, మునసబు మరణాల పుస్తకం మిగులుతాయి. 1918 నాటి మరణాల పేజీల్లో వరసగా "జ్వరం" అని రాసుకుంటూ పోయిన ఊళ్ళున్నాయి. అది ఇన్‌ఫ్లుయెంజా ఏడాది. కూలివాళ్ళ పేర్లు, ఆడవాళ్ళ పేర్లు అక్కడ కనిపిస్తాయి.

పెనుకొండ మాట

రెండో మాటకి ఆధారం దొరకలేదు. కంపెనీ సర్వే అధికారి మెకంజీ సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, చూశాను. ఊళ్ళు ఎలా పుట్టాయి, చెరువులు ఎవరు కట్టించారు అన్నవి వాటిలో బాగా ఉంటాయి. కానీ ఒక రైతు కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సందర్భం అరుదు. ఈ కుటుంబం గురించి ఏమీ లేదు. 1565 తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకి మారింది కాబట్టి, రాయలసీమలో చాలా కుటుంబాలు తమ మూలాన్ని అక్కడికి కలుపుకుంటాయి. అబద్ధమని నేను అనను. రిపోర్టులో "కుటుంబంలో చెప్పుకునే మాట, ఆధారం లేదు" అని రాశాను. ఇంటిపేరు చూసి ఏదో ఒక రాజవంశానికి కలిపి రంగుల వంశవృక్షం అచ్చేసి ఇచ్చేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. చెరువు కట్టించి, కరువుకి తట్టుకుని, మడి నిలబెట్టుకున్న మనుషులుండగా, పక్కన ఇంకెవరి కిరీటమో పెట్టాల్సిన అవసరం నాకు కనిపించదు.

రిపోర్టు ఇచ్చాక

రెండిళ్ళవాళ్ళనీ మీదింటి వసారాలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. కిందింటి పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే మేం ఈ ఇంటి ఆడబిడ్డ పిల్లలం" అన్నాడు. ఇంటిపేరు మార్చుకోవాలా అని ఒక కుర్రాడు అడిగితే పెద్దవాళ్ళు ఇద్దరూ వద్దన్నారు. నేను సలహా చెప్పలేదు, అది వాళ్ళ నిర్ణయం. మడి హక్కుల మీద దీని ప్రభావం ఏమీ లేదని మాత్రం స్పష్టంగా చెప్పాను. 1883లో రాసిచ్చిన భూమి వాళ్ళది, పాస్‌బుక్కులు సక్రమంగా ఉన్నాయి.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఒక తొందర ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ చేనుకి కొత్త నంబరు ఏదో, పాత నంబరు ఏదో రెండూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. పాత అడంగల్ (ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే లెక్క), ఎఫ్ఎంబీ (చేల కొలతల పటాల పుస్తకం), 1బి (భూమి హక్కుల రికార్డు) కాపీలు తీసి దాచుకోండి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు చాలా ఊళ్ళలో పాత లెక్కలు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. ఆ కుటుంబాలని మర్యాదగా అడిగితే చూపించేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాత లెక్కల్లో సంవత్సరం ఫసలీలో ఉంటే 590 కలపండి. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా.

కిందింటివాళ్ళు ఇప్పుడు ఇల్లటపు అల్లుడి పుట్టింటివాళ్ళని వెతకమన్నారు. దస్తావేజులో ఉన్న ఊరు పుంగనూరు జమీందారీలోది. జమీందారీ ఊరు కాబట్టి అక్కడ సర్కారు రైత్వారీ (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే) పట్టాలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే మొదలవుతాయి. అంతకుముందుది తెలియాలంటే ఎస్టేటు లెక్కలు చూడాలి, అవి ఎక్కడెక్కడ మిగిలాయో ముందు తేల్చుకోవాలి. 1865 తర్వాతి దస్తావేజుల ఇండెక్సు మాత్రం జమీందారీ ఊళ్ళకీ ఉంటుంది. ఆ ఊరి పేరుతో ఇండెక్స్ 2 వెతకడానికి దరఖాస్తు పెట్టాం.